సుద్దచేను అడ్రసు

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తుండగానే అమ్మ అడిగేది, "ఈ పొద్దు మన చేను ఎంత ఇచ్చినాది పాపా?" అని. శెనక్కాయ ఎన్ని మూటలయిందని కాదు ఆ అడగడం. ఎంత కరెంటు ఇచ్చిందని. కంట్రోల్ రూములో తెర మీద చూసిన యూనిట్లు గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పేదాన్ని. మబ్బు పట్టిన రోజు లెక్క తగ్గితే అమ్మ మొహం చిన్నబోయేది. ఎండ మాడ్చిన రోజు లెక్క పెరిగితే మాత్రం చేనుకే చీవాట్లు పడేవి. వానలు లేక మేము అల్లాడినప్పుడు ఈ తెలివి యాడికి పోయిండె దీనికి, అని సణిగేది.

మాది రాయచెర్లు, కర్ణాటకలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న తెలుగు ఊరు. ఊరి చుట్టూ కనుచూపు మేర సోలార్ పలకలే. వాటి కింద ఉన్న భూమి మాది, మా పక్కవాళ్ళది, వాళ్ళ పక్కవాళ్ళది. అందరం కంపెనీలకు కౌలుకిచ్చాం. మా చేను పేరు సుద్దచేను. మూర లోతు తవ్వితే ఎర్రమట్టి పోయి తెల్లటి సుద్ద తగిలేది కాబట్టి ఆ పేరు. చుట్టుపక్కలవి తంగేటిచేను, బండచేను, గుట్టకింద చేను. ఈ పేర్లు భూమి రికార్డుల్లో, ఏ పహణీలోనూ కనిపించవు. తాలూకా ఆఫీసుకు సర్వే నంబరు చాలు. ఊళ్ళో మాత్రం సర్వే నంబరు చెప్పి ఎవరినీ ఎక్కడికీ పంపలేరు. నా చిన్నప్పుడు నాయనకు మధ్యాహ్నం సంగటి గిన్నె తీసుకుపోయేటప్పుడు, దారిలో ఎవరైనా ఎక్కడికే అని అడిగితే సుద్దచేనుకు అంటే సరిపోయేది.

నేను పావగడలో డిప్లొమా చదివి, ఆ సోలార్ పార్కులో ఒక కంపెనీ కంట్రోల్ రూములో ఆపరేటరుగా చేరాను. ఆడపిల్లనని పగటి డ్యూటీలే వేశారు. ఏసీ గదిలో కూర్చుని తెర చూడటమే పని అని ఊళ్ళో అందరికీ కుళ్ళు. ఆ తెర మీద ఇన్వర్టర్ స్టేషన్లన్నీ వరసగా కనిపిస్తాయి. స్టేషను అంటే బస్సులు ఆగేది కాదు, చుట్టూ ఉన్న పలకల నుంచి వచ్చే కరెంటును లైనుకు ఎక్కేట్టు మార్చే యంత్రాలున్న ఇనప గది. ఏది పనిచేస్తోంది, ఏది ఆగిపోయింది, ఆగితే ఏ మెకానిక్కుకు ఫోను చేయాలి, ఇదే నా బతుకుతెరువు.

తెర మీద ఆ స్టేషన్లకు ఉన్న పేర్లు చూసి మొదటిరోజు నాకు నవ్వొచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, తంగేటిచేను, బండచేను, సుద్దచేను అని ఉన్నాయి. పార్కు కట్టేటప్పుడు వచ్చిన మొదటి ఇంజనీరు ఉత్తరాదివాడట. అన్నిటికీ బ్లాకు నంబర్లే పెట్టాడట పాపం. కానీ ఫలానా బ్లాకుకు పో అంటే మావాళ్ళు బైకు స్టార్టు చేసి, అంటే ఏ చేను సార్, అని అడిగేవాళ్ళట. కొన్నాళ్ళకు ఆయన విసిగిపోయి, ఏ స్టేషను ఏ చేలో వస్తుందో ప్లాను ముందేసుకుని, మావాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, చేల పేర్లే కంప్యూటర్లోకి ఎక్కించేశాడు. అప్పటి నుంచీ ఫోన్లలో కూడా అదే మాట. బండచేను ట్రిప్పయి ఆగిపోయింది, తంగేటిచేనులో గడ్డి కోయాలి. మా చేల పేర్లు దున్నేవాళ్ళు లేకపోయినా అలా బతికి ఉన్నాయని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఇక్కడ కంప్యూటర్ల సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే మా ఇంట్లో జరిగింది అర్థం కాదు. కంప్యూటరుకు పేర్లతో పని లేదు, దానికి కావలసింది అంకెలు. ప్రతి యంత్రానికీ చుక్కలు పెట్టి విడదీసిన అంకెల అడ్రసు ఒకటి ఉంటుంది. మనం పేరు కొట్టగానే అది చేసే మొదటి పని, ఈ పేరు ఏ అంకెలదని వెతకడం. వెతకడానికి దానికి రెండు చోట్లున్నాయి. ఒకటి తనలోనే ఉండే చిన్న ఫైలు, హోస్ట్స్ ఫైలు అంటారు. ఒక్కో వరుసలో ఒక అడ్రసు, దాని పక్కన ఒక పేరు, అంతకుమించి అందులో ఏమీ ఉండదు. మొదటి ఇంజనీరు మా చేల పేర్లు ఎక్కించింది అందులోకే. రెండోది బయట ఎక్కడో ఉండే డీఎన్ఎస్ సర్వరు. పేర్లు అడిగితే అడ్రసులు చెప్పడమే దాని ఉద్యోగం. ఆ సర్వరును ఎక్కడ పట్టుకోవాలో కూడా కంప్యూటర్లో ఒక సెట్టింగుగా రాసి ఉంటుంది.

ఈ రెండింటిలో ఎవరిని ముందు అడగాలి అన్నది ఇంకో సెట్టింగు. మామూలుగా ఇంట్లో ఫైలు ముందు, బయటి సర్వరు తరువాత. ఫైల్లో పేరు కనిపించిందంటే ఇక బయట అడగనే అడగదు. దొరికిన అడ్రసు పాతదా, తప్పా అన్న అనుమానం దానికి పుట్టదు. ఆ అడ్రసు దగ్గర ఏదో ఒక యంత్రం పలికితే చాలు, దానికి పని అయిపోయినట్టే. మనుషులూ ఇంతే కదా అని అప్పుడు నాకు తోచలేదు.

నాయన పార్కు రాకముందే పోయాడు. మావాళ్ళలో కాల్చడం లేదు, ఎవరి చేలో వాళ్ళను పూడుస్తారు. సుద్దచేను తూర్పు గట్టు పక్కన నాయనను పెట్టి, తలాపున ఒక బండ నిలబెట్టాం. ఏటా దసరాకు ముందు వచ్చే పెద్దల అమావాస్య రోజు అక్కడ ఎడ పెట్టాలి. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, విస్తరాకులో వడ్డించి, వాళ్ళ తల దగ్గర పెట్టి, కాస్త దూరం జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టుకుంటే వాళ్ళు తిన్నట్టు. నాయనకు రాగిసంగటి, ఊరిబిండి, అలసంద వడలు. ఓళిగలంటే, అదే బొబ్బట్లంటే, ఆయనకు పడేది కాదు. అయినా అమ్మ ఒకటి వేసేది, పండగపూట ఆకు బోసిగా ఉంటుందని.

కౌలు మాట వచ్చినప్పుడు చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, వెంటనే తల ఊపాడు. అమ్మ నాన్చింది. వరసగా శెనక్కాయ పోయి, బోరు వేస్తే దుమ్ము లేచాక ఆమెకూ వేరే దారి లేకపోయింది. బండ తీసేస్తే తీసేయండి, ఆయన యాడుండాడో మాత్రం నాకు తెలిసేట్టుండల్ల, అని ఒక్కటే అడిగింది. దానిదేముంది వదినా, మన చేను మనకు తెలియకుండా పోతుందా అన్నాడు చిన్నాయన. బండను తనే పెకలించాడు. తరువాత జేసీబీలు వచ్చాయి. గట్లు, గుంటలు, బండ్ల దారులు అన్నీ కలిపి ఒకే చదునుగా చేసి పోయాయి. చేల మధ్య పారే వంకను కూడా పక్కకు తిప్పి కాలువ చేశారు. ఆ తరువాత పలకలు లేచాయి. ఫెన్సింగు పడింది. పుట్టి పెరిగిన మనిషి కూడా అందులో నిలబడి ఇది ఫలానా చోటని చెప్పలేడు.

పార్కు పూర్తయ్యాక వచ్చిన మొదటి పెద్దల అమావాస్యకు ఎటు పోవాలో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అప్పటికి నేనింకా చదువుకుంటున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ మా ఊరతనే. సుద్దచేను గదా అక్కా, నాకు తెలుసు రా, అని అమ్మను తన బండి మీద ఎక్కించుకుని పోయి ఒక స్టేషను ముందు దింపాడు. అతను అబద్ధం చెప్పలేదు. పార్కులో అందరూ ఆ స్టేషనునే సుద్దచేను అంటారు. అమ్మ ఆ ఇనప గది పక్కన కంకర తోసి, మట్టి కనిపించేట్టు చేసి, విస్తరి పెట్టింది. నాలుగడుగులు వెనక్కి వేసిందో లేదో కాకి దిగి వడ ఎత్తుకుపోయింది. మామూలు చేనుగా ఉన్న రోజుల్లో ఎండలో కాళ్ళు పీకేదాకా నిలబడితే గానీ రాని కాకి. అమ్మ ఆ రోజు ఇంటికి వచ్చి, మీ నాయన నాకోసరమే కాచుకోనుండాడు, అని ఏడ్చి, తరువాత చాలా రోజులు కుదురుగా ఉంది.

అప్పటి నుంచి ఏటా అక్కడే. ఒకసారి చిన్నాయన కూడా వచ్చి, అటూ ఇటూ చూసి, గుట్ట ఇంత దగ్గర ఉండె లేదప్పా మనకు, అన్నాడు. నీకు వయసైంది, గుట్ట యాడికి పోతాది, అని అమ్మ నోరు మూయించింది. నేను ఉద్యోగంలో చేరాక ఆ స్టేషను లెక్కనే రోజూ అమ్మకు చెబుతూ వచ్చాను. కింద నాయన, పైన కరెంటు. ఆ యూనిట్లు అమ్మకు నాయన కష్టపడి పండించి పంపుతున్న పంట. నాకు మాత్రం వేరేగా ఉండేదా? ఆ వరుస పచ్చగా వెలుగుతుంటే ఏసీ గదిలో నాయన నా ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది.

ఇదిలా ఉండగా హెడ్డాఫీసు నుంచి ఒక ఆర్డరు వచ్చింది. ఇకమీదట ఏ సైటులోనూ కంప్యూటర్లు సొంత హోస్ట్స్ ఫైళ్ళు పెట్టుకోకూడదు. అన్నీ ఆఫీసు డీఎన్ఎస్ సర్వరునే అడగాలి, పేర్లన్నీ అక్కడే, ఒకే పద్ధతిలో, బ్లాకు నంబర్లతో ఉంటాయి. ఆ పని చేయడానికి బెంగళూరు నుంచి నెట్‌వర్కు ఇంజనీరు వచ్చాడు. నాకంటే చిన్నవాడు, మెత్తటి మనిషి, కన్నడలో మేడమ్ మేడమ్ అంటూ మాట్లాడాడు. ప్రతి కంప్యూటరూ తనకు తోచిన పేర్లు తన దగ్గరే రాసుకుని కూర్చుంటే, ఎక్కడైనా ఒక యంత్రం మారితే మిగతావాటికి తెలిసేదెలా, అన్నాడు. న్యాయమే. అయినా నాకు ఒళ్ళు మండింది. చేలు పోయాయి, గట్లు పోయాయి, మిగిలిన నాలుగు పేర్లు మీకు ఎక్కడ అడ్డమొచ్చాయని అడగాలనుకున్నాను. జీతానికి పనిచేసే మనిషిని, అడగలేదు.

ఫైలు ఖాళీ చేసే ముందు పాత పేర్లకు కొత్త పేర్లు జత కలపాలి. ఏ చేను ఏ సర్వే నంబరో తెలిసినదాన్ని కనుక నన్ను పక్కన కూర్చోమన్నాడు. నేను చేను పేరు చదివి సర్వే నంబరు చెబుతాను, అతను పార్కు ప్లానులో ఆ నంబరు ఏ బ్లాకులో పడిందో చూస్తాడు, ఆ బ్లాకు స్టేషనుకు సర్వరు ఏ అడ్రసు చెబుతోందో అడుగుతాడు. మా ఫైల్లో ఉన్న అడ్రసు, సర్వరు చెప్పిన అడ్రసు ఒకటే అయితే టిక్కు. తంగేటిచేను సరిపోయింది. బండచేను సరిపోయింది. గుట్టకింద చేను కూడా. సుద్దచేను దగ్గర అతను ఆగి, సర్వే నంబరు ఇంకోసారి చెప్పండి మేడమ్, అన్నాడు.

చెప్పాను. అది నాకు నిద్రలో అడిగినా వస్తుంది. అతను ప్లాను పెద్దది చేసి నా వైపు తిప్పాడు. మా సర్వే నంబరు గీతల మధ్య స్టేషను లేదు. వట్టి పలకల వరసలే ఉన్నాయి. మా ఫైల్లో సుద్దచేనుకు రాసి ఉన్న అడ్రసు సర్వరు లెక్క ప్రకారం ఇంకో బ్లాకుది. ఆ బ్లాకు పాత వంకకు అవతల, గుట్టకు దగ్గరగా ఉంది. నేను వేలితో మా గీతల చుట్టూ మళ్ళీ మళ్ళీ తిప్పాను, ఎక్కడైనా చిన్న డబ్బా గుర్తు కనిపిస్తుందేమోనని.

ఎలా జరిగిందో అతనే పాత ప్లాన్లు తెరిచి కనుక్కున్నాడు. మొదటి ప్లానులో స్టేషను మా చేలోనే ఉంది. మొదటి ఇంజనీరు పేర్లు రాసుకున్నది ఆ ప్లాను చూసే. తీరా పునాది తవ్వితే కింద సుద్ద, మెత్తగా జారిపోతోంది. అంత బరువు నిలవదని ఆ యంత్రాన్నే తీసుకుపోయి వంక అవతల గట్టి నేల మీద దింపారు. యంత్రంతోపాటు దాని అడ్రసూ పోయింది. అడ్రసు మారలేదు కాబట్టి ఫైల్లో పేరు ఎవరూ దిద్దలేదు. తెర మీద సుద్దచేను అని పిలిస్తే యంత్రం పలుకుతూనే ఉంది. పలుకుతున్నప్పుడు ఎవరు మాత్రం అనుమానిస్తారు? సర్వేయరును పిలిచి కొలిపించి ఉంటే మొదటి ఏడే తెలిసేది. మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు. ఊరు ఊరంతా కలిసి ఒక యంత్రం పేరును మట్టి పేరనుకున్నాం.

నా మొహం చూసి అతను ఏమైందని అడిగాడు. చెప్పాను. అతను పాత ప్లాను మూసేశాడు. తరువాత, ఆ ఒక్క వరుస ఫైల్లో వదిలేస్తాను మేడమ్, పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను, అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. నేను ఔననబోయి ఆగాను. వదిలేస్తే మిగిలేది మా చేను కాదు, తప్పు. పోనీ ఆఫీసు సర్వరులో ఈ పేరు మారుపేరుగా చేర్చవచ్చా అని అడిగాను. చేర్చవచ్చు, కానీ మీ చేలో యంత్రమే లేదు కదా, దేనికి మారుపేరు అని రాయమంటారు, అన్నాడు. తీసేయమన్నాను.

తీసేశాక కూడా సుద్దచేను అని కొడితే కొంచెంసేపు పాత యంత్రమే పలికింది. కంప్యూటరు ఒకసారి విన్న జవాబును కొంతకాలం గుర్తుపెట్టుకుంటుందట, మళ్ళీ మళ్ళీ అడగనక్కరలేకుండా. దాని గడువు తీరేదాకా ఆగవచ్చు, లేకపోతే మనమే తుడిచేయవచ్చు. అతను ఒక కమాండు కొట్టి తుడిచేశాడు. ఈసారి ప్రశ్న బయటి సర్వరుకు పోయింది. అలాంటి పేరు లేదని జవాబు వచ్చింది. సర్వరు పడుకుని ఉంటే వచ్చే జవాబు వేరు, అది ఎవరూ పలకడం లేదని మాత్రమే అంటుంది. అందులో ఆశ ఉంటుంది, కాసేపాగి మళ్ళీ అడగవచ్చు. ఇది అలా కాదు, విని, వెతికి, లేదని చెప్పడం. నేను బాత్రూములోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆ సాయంత్రం అమ్మ ఎప్పటిలా అడిగింది. నేను ఎప్పటిలా ఆ స్టేషను లెక్కే చెప్పాను. మరునాడూ అంతే. చెప్పకపోతే ఏం పోతుంది, ఆమె ఉన్నన్నాళ్ళూ అక్కడే పెట్టుకుంటుంది, కాకి తింటుంది, అనుకున్నాను. కానీ అమావాస్య దగ్గరికొస్తోంది. అమ్మ అలసందలు చాటలో పోసి రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. నాయనకని ఏరుతున్న గింజలు ఎవరికో పోతాయని తెలిసి పక్కన కూర్చోవడం నావల్ల కాలేదు. చెప్పేశాను. పేర్లు, అడ్రసులు, సర్వర్లు అన్నీ వదిలేసి, మనం పెడుతున్న చోటు మన చేను కాదమ్మా, అని మాత్రం చెప్పాను.

అమ్మ చేయి చాటలోనే ఆగింది. నన్ను తిట్టలేదు, చిన్నాయనను తిట్టలేదు.

"మరి కాకి తినిండె గదా పాపా."

"ఆ పక్కన కూలోళ్ళు అన్నం తినే షెడ్డుండాది మా. ఆ కాకులు ఏం పెట్టినా తింటాయి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ చాట పక్కన పెట్టి లేచి పెరట్లోకి పోయింది. చీకటి పడేదాకా లోపలికి రాలేదు. తరువాత చిన్నాయనను పిలిపించి, వంక అవతల ఆ చేను ఎవరిదని అడిగింది. ఊళ్ళో ఇంటికి తాళం పెట్టి బెంగళూరికి పనులకు పోయిన ఒక కుటుంబం పేరు చెప్పాడు చిన్నాయన. వాళ్ళ పెద్దవాళ్ళందరూ ఆ చేలోనే ఉన్నారని, పిల్లలు ఈ వైపు రావడం మానేశారని కూడా చెప్పాడు. ఆ రోజు నుంచి చేను ఎంత ఇచ్చిందని నన్ను అడగలేదు. సాయంత్రం నేను వస్తే పలకరింపుగా తల ఊపి తన పనిలో పడేది. అడిగితే బాగుండునని నాకు ఉండేది.

నేను మా సూపర్‌వైజరు దగ్గరికి పోయాను. ఆ వరసల మధ్యకు మా అమ్మను ఒక్కసారి తీసుకుపోవాలని అడిగాను. ఆయన కోప్పడలేదు. స్టేషన్ల దగ్గరికైతే దారి ఉంది కనుక ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు వదిలేశాం, అక్కడ దారి లేదు, పగలంతా పలకల్లో కరెంటు నడుస్తూనే ఉంటుంది, కింద కేబుళ్ళు, ఏదైనా జరిగితే నా ఉద్యోగం పోవడం కాదు, మీ అమ్మ పోతుంది, అన్నాడు. ఆయన చెప్పింది నిజం. ఆ కేబుళ్ళ సంగతి ఆయనకంటే నాకే బాగా తెలుసు. ఫెన్సింగు బయట రోడ్డు మీద నిలబడి చూసుకోండి, అనేదాకా ఒప్పుకున్నాడు.

అమావాస్య పొద్దున అమ్మ తలస్నానం చేసి అన్నీ వండింది. నేను సెలవు పెట్టి, గిన్నెలున్న గంప బండి ముందు పెట్టుకుని, అమ్మను వెనక ఎక్కించుకుని పోయాను. ప్లానులో చూసి గుర్తుపెట్టుకున్న లెక్క ప్రకారం ఫెన్సింగు పక్కన ఒకచోట ఆపాను. ఇనప జాలీ అవతల నీలం వరసలు, వాటి కింద ఎండిన గడ్డి. ఎర్రమట్టి. ఎక్కడా సుద్ద జాడ లేదు. అమ్మ జాలీ కన్నాల్లో వేళ్ళు దూర్చి పట్టుకుని చాలాసేపు చూసింది. గుట్ట ఉన్న దూరాన్ని కళ్ళతో కొలుచుకుంది. ఔను, ఇదే, అన్నట్టు తల ఆడించింది.

తూర్పు గట్టు ఏ వరసలో పడి ఉంటుందని అడిగింది. తెలియదన్నాను. ఈ జాలీకి దగ్గరా దూరమా అని అడిగింది. అదీ తెలియదన్నాను. సర్వే నంబరు చేనుదే గానీ, చేలో నాయన ఉన్న చోటుకు ఏ నంబరూ లేదు. కంప్యూటర్లలో ఇన్నాళ్ళు పనిచేసి, సొంత తండ్రి ఎక్కడున్నాడో తల్లికి చెప్పలేకపోయాను. ఆ క్షణంలో నా చదువు మీద, ఉద్యోగం మీద, ఆ జీతం మీద అన్నిటి మీదా అసహ్యం వేసింది.

విస్తరి ఇక్కడే జాలీ పక్కన పెట్టు మా, ఇంతదాకా వచ్చాం కదా, అన్నాను. గంప దించి ఆకు తీసి ఇచ్చాను. అమ్మ ఆకు చేతిలోకి తీసుకుంది, దాన్ని రెండుసార్లు కొంగుతో తుడిచింది, మళ్ళీ గంపలో పెట్టింది. గంప మీద గుడ్డ కప్పి అంచులు దోపింది.

"పద పాపా, ఆడికే పోదాం. ఆ స్టేషను కాడికి."

నాకు కోపం వచ్చింది. అది మనది కాదని తెలిసి కూడా ఏమిటిది అన్నాను. తెలియక పెట్టింది వేరు, తెలిసి పెట్టడం ఏమిటి అన్నాను. రోడ్డు మీద పోతున్న గడ్డికోత ఆడవాళ్ళు మా వైపు తిరిగి చూశారు. అమ్మ గొంతు పెంచలేదు.

"వాళ్ళకు పెట్టేటోళ్ళు ఎవరూ లేరు. ఇన్నేండ్లు నా చేతి కూడు తిన్నారు. ఈ పొద్దు నేను రాకపోతే దారి చూస్తా కూచోనుంటారు గదా."

"మరి నాయన?"

అమ్మ జాలీ అవతలికి ఇంకోసారి చూసింది. గంప ఎత్తి చంకలో పెట్టుకుంది.

"మీ నాయనకు ఈ పాటికి ఆకలి అలవాటై ఉంటాదిలే పాపా," అంది. అని నేను బండి తీసేదాకా ఆగకుండా, ఆ ఎండలో వంక వైపు నడవడం మొదలుపెట్టింది.